పినియన్ నట్టు విప్పేముందు

చింతామణిలోనైనా, బాగేపల్లిలోనైనా, గౌరిబిదనూరులోనైనా మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపిన డ్రైవరు చెప్పే మాట దాదాపు ఒకటే: “అన్నా, గేరు ఏస్తే ఎనక టక్కుమంటా ఉండాది.” ఆ టక్కు జాయింటు క్రాసులోంచి రావచ్చు, పట్టీల బుష్షులోంచి రావచ్చు. కానీ క్రాసు కొత్తది వేసినా శబ్దం పోక, డిఫరెన్షియల్ మూతి దగ్గర ఆయిలు చెమ్మ కూడా కనిపిస్తే చూడాల్సిన చోటు ఒకటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే యోక్, దాని నడుమ దాగి ఉండే పెద్ద నట్టు. ఆ రెంటినీ మార్చడం అరపూట పని అని చాలామంది నమ్మకం. చేతుల పని అరపూటే. అయితే సరిగ్గా జరిగిందా లేదా అన్నది కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత గానీ బయటపడదు. ఇంత చిన్న పని మీద మెకానిక్కుల మధ్య ఇన్ని భిన్నాభిప్రాయాలు ఉండటానికి కారణం అదే.

చిక్కబళ్లాపుర జిల్లాకు ఈ విషయం పట్టడానికి కారణం దాని రోడ్ల మీదే కనిపిస్తుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లకు ఈ బాధ లేదు. వాటిలో వెనక్కి వెళ్లే షాఫ్టూ లేదు, ఈ నట్టూ లేదు. కానీ ఇక్కడ సరుకు మోసేవన్నీ వెనుక చక్రాల బళ్లే. చింతామణి చుట్టుపక్కల తోటల్లోంచి 15 కిలోల బాక్సుల్లో టమాటా నింపుకుని కోలారు మార్కెట్‌కో మదనపల్లెకో పరుగెత్తే పికప్పులు, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్‌కు వచ్చే చిన్న వాహనాలు, గుడిబండ, చిక్కబళ్లాపుర వైపు క్వారీల నుంచి కంకర దించే టిప్పర్లు, శ్రీనివాసపురం మామిడి మోసే లారీలు. అశ్వత్థ వృక్షం కింది నాగప్రతిష్ఠలకూ, 1938 ఏప్రిల్ 25 నాటి జెండా సత్యాగ్రహ కాల్పుల స్మృతికీ పేరుపొందిన విదురాశ్వత్థానికి గౌరిబిదనూరు–హిందూపురం దారిలో భక్తుల్ని తీసుకెళ్లే జీపులూ టెంపోలూ అంతే. వీటన్నింటి శక్తీ చివరికి ఒక పినియన్ మీదుగానే చక్రానికి చేరాలి. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, 2010కి ముందు అందరికీ ఏడో నంబరు రోడ్డు, పెరేసంద్ర, బాగేపల్లి మీదుగానే సాగుతుంది. ఎక్కుడూ దిగుడూ గల ఆ దారిలో డిఫరెన్షియల్ లోపాలు ఊళ్లో కన్నా ముందుగా బయటపడతాయి.

నట్టు దగ్గరికి వద్దాం. పినియన్ అంటే చిన్న పళ్ల తల, దానికి పొడవాటి కాండం. ఆ కాండాన్ని రెండు కోన్ బేరింగులు పట్టుకుంటాయి. తల వెనుక పెద్దది, యోక్ పక్కన చిన్నది. ఏటవాలు రోలర్ల ఈ బేరింగుకు గుర్రపుబళ్ల తయారీదారు హెన్రీ టిమ్కెన్ 1898లో పేటెంటు పొందాడు. దాని సుగుణం ఏమిటంటే పక్కనుంచి వచ్చే బరువునే కాక, ముందుకూ వెనక్కీ తోసే ఒత్తిడిని కూడా భరిస్తుంది. కానీ రెండు బేరింగుల్నీ ఎదురెదురుగా కొద్దిగా నొక్కి ఉంచితేనే అది సాధ్యం. ఆ ముందస్తు నొక్కుడునే ప్రీలోడ్ అంటారు. పినియన్ నట్టు చేసే అసలు పని యోక్‌ను ఊడిపోకుండా పట్టడం ఒక్కటే కాదు. యోక్ ద్వారా చిన్న బేరింగును లోపలికి నెట్టి, ఈ ప్రీలోడ్‌ను నిలబెట్టేదీ అదే. ఈ ఒక్క సంగతి మరిచిపోతే తక్కిన చర్చ అంతా దారి తప్పుతుంది.

బండి లాగేటప్పుడు పినియన్‌ను దాని పళ్లతో కలిసే పెద్ద చక్రం, క్రౌన్ వీలు, బయటికి తోస్తుంది. ఆ భారం పెద్ద బేరింగు మీద పడుతుంది. యాక్సిలరేటర్ వదిలి దిగుడులో ఇంజన్ బ్రేకుతో దిగేటప్పుడు పినియన్ లోపలికి లాగబడుతుంది, భారం యోక్ పక్కనున్న చిన్న బేరింగు మీదికి మారుతుంది. అందుకే ఎక్కేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కాలు తీయగానే ‘ఊఁ’ అని ఊళపెట్టే బండిలో మొదట అనుమానించాల్సింది ఈ నట్టునూ చిన్న బేరింగునూ. లోడు లేని బండిని ఊరి వీధిలో ఒక చుట్టు తిప్పి “ఏమీ లేదు” అనేస్తే ఈ జబ్బు దొరకదు. దిగుడులో, గేరులోనే ఉంచి, కాలు తీసి వినాలి.

ఇక వివాదం. యోక్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు నట్టును ఎంత బిగించాలి? దీనికి షెడ్లలో ప్రధానంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది అందరికన్నా పాతది, గట్టిగా పాతుకుపోయినది. విప్పేముందు నట్టుకూ, పినియన్ కొసకూ, యోక్‌కూ కలిపి ఉలితో గాటు పెట్టడం, బయట కనిపించే మరలు లెక్కబెట్టడం, బిగించేటప్పుడు గాటు గాటుకు కలిసేదాకా తిప్పి ఇంకాస్త లాగడం. రెండోది చేతివాటం. బాక్సు పానాకు పైపు తగిలించి, ఒళ్లంతా ఆనించి బిగించి, యోక్‌ను చేత్తో ఊపి “ప్లే లేదు” అని తేల్చడం. మూడోది కంపెనీ మాన్యువల్ దారి. పినియన్ ఎంత బరువుగా తిరుగుతోందో కొలిచి, ఆ అంకెను బట్టి బిగించడం.

చేతివాటాన్ని సమర్థించడం కష్టం. దానికి కారణం లోపలి అమరికలో ఉంది. రెండు బేరింగుల మధ్య దూరాన్ని నిలిపే పద్ధతులు రెండు రకాలు. ఒకటి ఘనమైన గొట్టం, దాంతోపాటు షిమ్ములనే సన్నని రేకులు. ఇందులో నట్టును నిర్ణయించిన గట్టితనానికి బిగిస్తే చాలు, ప్రీలోడ్‌ను షిమ్ములే చూసుకుంటాయి. మహీంద్రా 1940ల చివర్లో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టాక ఇక్కడి పల్లెల్లోకి వచ్చిన జీపుల వెనుక యాక్సిళ్లది ఈ కుటుంబమే. భారీ లారీల్లోనూ ఎక్కువగా ఇదే. పాత మేస్త్రీలకు “గట్టిగా లాగితే చాలు” అన్న నమ్మకం వాటి దగ్గరే కుదిరింది, ఆ బళ్లకు అది చాలావరకు పనిచేసింది కూడా.

రెండో రకం క్రష్ స్లీవు. నడుమ పొట్ట ఉన్న పలుచని ఉక్కు గొట్టం. నట్టు బిగించేకొద్దీ అది నలిగి పొట్టి అవుతుంది. బేరింగుల మధ్య నొక్కుడు కావలసినంత వచ్చేచోట ఆగాలి. నలగడం మొదలవడానికే తేలికపాటి వాహనాల్లో సుమారు 250 నుంచి 400 న్యూటన్ మీటర్ల బలం కావాలి. ఒకసారి నలిగాక అది వెనక్కి రాదు. పావు చుట్టు ఎక్కువ తిప్పేసి, “అయ్యో” అని నట్టును కాస్త వదులు చేస్తే ప్రీలోడ్ సరికాదు, నట్టే వదులవుతుంది. అప్పుడు కొత్త స్లీవు వేసుకోవడం తప్ప మార్గం లేదు. పైపు తగిలించిన పానాకు ఈ తేడా తెలియదు. ఎక్కువ నొక్కుకుపోయిన బేరింగు యోక్ ఊపినప్పుడు భేషుగ్గా, బిగువుగా అనిపిస్తుంది. ఆ తర్వాత వందల కిలోమీటర్లు వేడెక్కి, నీలిరంగు తిరిగి, పొరలుగా లేస్తుంది.

గాటు పద్ధతి విషయం వేరు. దాన్ని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. కేవలం ఆయిల్ సీల్ మార్చడానికి యోక్ తీసి, అదే యోక్, అదే బేరింగులతో తిరిగి బిగించే పనిలో ఆ గాటు నిజంగానే ఉపయోగపడుతుంది. స్లీవు ముందే నలిగి ఉంది, నట్టు పాత స్థానానికి వస్తే నొక్కుడు కూడా పాతదానికి చేరువవుతుంది. పనిముట్లు లేని చోట ఎన్నో బళ్లు ఇలా బాగుపడ్డాయి.

అయితే ఈ వ్యాసంలో మాట్లాడుతున్నది యోక్‌నూ నట్టునూ మార్చడం గురించి. అక్కడ గాటుకు అర్థమే పోతుంది. కొత్త యోక్ మెడ పొడవు పాతదానితో వెంట్రుకవాసి తేడాగా ఉండవచ్చు. కొత్త నట్టులో మర మొదలయ్యే చోటు వేరు. పాత గాటు చూపే స్థానం ఇప్పుడు వేరే యోక్‌దీ, వేరే నట్టుదీ. ప్రీలోడ్ ఉండేది మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో. ఆ లెక్కకు ఉలి గాటు అందదు. సీల్ పనికి సరిపోయిన అలవాటునే యోక్ పనికి కూడా వాడటమే ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు. షెడ్లలో జరిగే వాదనలు చాలావరకు ఈ రెండు పనులనూ ఒకటిగా చూడటం వల్లే తేలకుండా మిగులుతాయి.

కాబట్టి కొలవాలి. “కొలిచే పానా మా దగ్గరెక్కడిది?” అనే ప్రశ్న న్యాయమైనదే. చిన్న బలాల్ని కొలిచే పానా బెంగళూరు షోరూము వర్క్‌షాపుల్లో ఉంటుంది, బాగేపల్లి రోడ్డుపక్క షెడ్డులో ఉండకపోవచ్చు. కానీ స్ప్రింగు త్రాసు లేని సంత ఈ జిల్లాలో లేదు. యోక్ అంచుకు గట్టి దారం నాలుగు చుట్లు చుట్టి, త్రాసు కొక్కేనికి తగిలించి, నెమ్మదిగా, ఆపకుండా లాగాలి. మొదట కదిలించే బలాన్ని కాదు, తిరుగుతూ ఉన్నప్పటి బలాన్ని చదవాలి. దారం చుట్టిన చోట యోక్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకుందాం. త్రాసు 4 కిలోలు చూపితే అది సుమారు 40 న్యూటన్లు. దాన్ని 0.05 మీటర్లతో గుణిస్తే 2 న్యూటన్ మీటర్లు. పికప్పుల వంటి తేలికపాటి బళ్లలో కొత్త బేరింగులకు ఈ అంకె మామూలుగా ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య ఉంటుంది, అరిగి కుదురుకున్న పాత బేరింగులకు అంతకన్నా తక్కువ. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే. దారం, త్రాసు పద్ధతి పేదవాడి సర్దుబాటు కూడా కాదు. పాత ల్యాండ్ రోవర్ వంటి బళ్ల కంపెనీ మాన్యువళ్లే దీన్ని నేర్పాయి.

కొలత ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యమే. నట్టు మీద పానా పెట్టకముందే, బండిని స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టు దించాక తీయాలి. బ్రేకు డ్రమ్ములు రాసుకుంటే అంకె అబద్ధం చెబుతుంది కనుక వాటిని తీసేయాలి. యాక్సిల్ షాఫ్టులు బోల్టులు విప్పగానే బయటికి వచ్చే బళ్లలో వాటిని లాగేస్తే ఇంకా మేలు. ఆ అంకెను కాగితం మీద రాసుకోవాలి. కొత్త యోక్, కొత్త సీల్, కొత్త నట్టు వేశాక అదే అంకెకు, లేదా అర న్యూటన్ మీటరు లోపు పైకి తేవాలి. ఎనిమిదో వంతు చుట్టు తిప్పడం, పినియన్‌ను నాలుగైదు సార్లు తిప్పి రోలర్లను కుదరనివ్వడం, మళ్లీ త్రాసు పట్టడం. కావలసిన అంకె చేరువయ్యేకొద్దీ తిప్పుడు ఇంకా చిన్నదవ్వాలి.

ఇక్కడొక మెలిక ఉంది. నట్టు తనంతట తానే వదులై వచ్చిన బండిలో ముందు తీసిన అంకెకు విలువ లేదు, అది చెడిపోయిన స్థితి కొలత. అలాంటప్పుడు యోక్ తీశాక చిన్న బేరింగును బయటికి తెచ్చి రోలర్లనూ, అవి దొర్లే గిన్నెనూ వెలుతురులో చూడాలి. గుంటలు పడి ఉంటే కొత్త యోక్ వేసి లాభం లేదు. బాగుంటే కొత్త స్లీవు వేసి, మాన్యువల్ అంకెకు కట్టాలి. చాలా యాక్సిళ్లలో సీల్, చిన్న బేరింగు, స్లీవు ఈ మూడూ యోక్ పక్కనుంచే బయటికి వస్తాయి, క్రౌన్‌ను కదిపే పని ఉండదు. పినియన్ ఎంత లోతులో నిలవాలో నిర్ణయించే షిమ్ము పెద్ద బేరింగు దగ్గర ఉంటుంది కాబట్టి ఈ పని వల్ల పళ్ల కలయిక చెదరదు. “ముట్టుకుంటే క్రౌను పినియను సెట్టు మొత్తం మార్చాల్సి వస్తుంది” అన్న భయానికి అందుకే ఆధారం లేదు. ఆ భయంతోనే స్లీవు మార్చకుండా పని ముగించేవాళ్లు ఉన్నారు.

నట్టు వదులైతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 2013 ఫిబ్రవరిలో క్రైస్లర్ కంపెనీ సుమారు 2.78 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ 2009–2012 నాటి రామ్ 1500 పికప్పులు, డకోటాలు. పినియన్ నట్టు మీద ఉండాల్సిన అంటు పూత తయారీలో పడలేదు. నట్టు వదులై, వెనుక యాక్సిల్ బిగుసుకుపోయి, బండి అదుపు తప్పే ప్రమాదం ఉందని తేలింది. ఆ నట్టు కదలకుండా పట్టే రిటైనర్ బిగించి సరిచేశారు. ఎంతో కొలిచి కట్టే కర్మాగారంలోనే ఒక పూత తప్పితే ఇంత పని పడింది. పాత నట్టునే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ వాడటం ఎంత జూదమో దీన్నిబట్టి ఊహించవచ్చు. కొన్ని నట్ల అంచును పినియన్ గాడిలోకి ఉలితో వంచి తాళం వేస్తారు. కొన్నింటికి నైలాన్ వలయం ఉంటుంది, కొన్నింటికి మర కాస్త వంకర తిప్పి పట్టు ఇస్తారు. పాత జీపుల్లో చీలిక పిన్ను ఉండేది. పిన్ను రకం తప్పిస్తే తక్కినవన్నీ ఒక్కసారి వాడకానికే. నట్టు ఖరీదు ఈ పనిలో అన్నింటికన్నా తక్కువ. దాన్ని మిగల్చబోవడం ఏ లెక్కనా సరైంది కాదు.

యోక్ ఎందుకు మార్చాల్సి వస్తుంది? మూడు కారణాలు. లోపలి పళ్లు అంటే స్ప్లయిన్లు అరిగి, పినియన్ మీద ఆడటం. క్రాసు కప్పులు కూర్చునే చెవులు సాగటం లేదా పగలటం. సీల్ పెదవి రాసుకునే మెడ మీద గాడి పడటం. మూడోదానికి ప్రతిసారీ కొత్త యోక్ అక్కర్లేదు. మెడ మీద పలుచని ఉక్కు తొడుగు ఎక్కిస్తే సీల్‌కు నున్నటి తలం దొరుకుతుంది. కొన్నిచోట్ల లేతు మీద మెడను కోసి నున్నగా చేస్తారు. కానీ అలా చేస్తే వ్యాసం తగ్గి సీల్ పట్టు సడలుతుంది, కోత గీతలు మర లాగా ఆయిలును బయటికి తోడతాయి. తొడుగే మెరుగు. స్ప్లయిన్లు అరిగిన యోక్‌కు మాత్రం లేతు మందు లేదు. వెల్డింగు ముద్ద పెట్టి బిగువు తెచ్చిన యోక్ సూటిగా తిరగదు. ఆ వంకర వణుకై ప్రొపెల్లర్ షాఫ్టు దాకా పాకుతుంది.

ఇక్కడి సామాను ఎక్కువగా బెంగళూరు జేసీ రోడ్డు నుంచి వస్తుంది. సెకండ్ హ్యాండు అయితే ఎస్‌జేపీ రోడ్డు, శివాజీనగర్ గుజరీలు. గుజరీలో కొన్న యోక్ చెడ్డదని అనలేం. ఒరిజినల్ పాత యోక్, మెడ నున్నగా, స్ప్లయిన్లు పదునుగా ఉంటే, పేరు తెలియని కొత్త యోక్ కన్నా నయం. కొనేచోటే పాత యోక్‌ను పక్కన పెట్టి మెడ పొడవు, సీల్ తగిలే వ్యాసం, స్ప్లయిన్ల లెక్క, చెవుల వెడల్పు నాలుగూ సరిచూసుకోవాలి. క్రాసుల కొలతలు ఒకే బండి మోడళ్లలోనే మారుతుంటాయి. 1903లో క్లారెన్స్ స్పైసర్ కార్లకు తగిన యూనివర్సల్ జాయింటుకు పేటెంటు పొందినప్పటి నుంచి ఎన్నో తరగతుల సైజులు వచ్చాయి.

విప్పడంలోనూ మెకానిక్ మనస్తత్వం కనబడుతుంది. యోక్‌ను తిరగకుండా పట్టడానికి రెండు రంధ్రాలున్న పొడవాటి ఇనుప పట్టీ ఏ వెల్డింగు షాపులోనైనా చేయించుకోవచ్చు. అది లేక రాడ్డును జాయింటు చెవుల్లో దూర్చి ఆపితే చెవులు వంగుతాయి. యోక్ రాకపోతే పుల్లరు పెట్టాలి. వెనుకనుంచి సుత్తితో బాదితే ప్రతి దెబ్బా రోలర్ల ద్వారా గిన్నెలో ముద్ర వేస్తుంది. ఆ ముద్రలు కంటికి కనపడవు, రెండు నెలలకు గరగరమని చెవికి వినిపిస్తాయి. ఇంపాక్టు గన్ విప్పడానికి మంచి నేస్తం, చివరి బిగింపుకు మాత్రం దాన్ని దూరం పెట్టాలి. కొత్త సీల్ పెదవికి గ్రీజు రాయకుండా పొడిగా బిగిస్తే మొదటి కిలోమీటర్లలోనే అది మాడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకూ యోక్‌కూ విప్పేముందు పెయింటు గుర్తు పెట్టి, అదే గుర్తుకు తిరిగి కలపాలి.

టిప్పర్ల సంగతి మరో స్థాయిలో ఉంటుంది. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచాక పది చక్రాల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. క్వారీ గుంతలోంచి నిండు లోడుతో మొదటి గేరులో ఎక్కే బండి పినియన్ మీద పడే బలం మైదానంలో పరుగెత్తే లారీతో పోల్చదగినది కాదు. వీటిలో పినియన్ తన బేరింగులతో సహా ఒక కేజ్‌లో ఉండి, మొత్తంగా బయటికి వస్తుంది. నట్టు బిగింపు కొన్ని వందల న్యూటన్ మీటర్లు దాటి వెయ్యి పైకీ పోవచ్చు. స్లీవు నలిగే గొడవ లేదు, స్పేసరు ఎంపికే ప్రధానం. అందువల్ల పికప్పు మేస్త్రీ అలవాట్లు టిప్పరుకూ, టిప్పరు మేస్త్రీ చేతి బలం పికప్పుకూ పనికిరావు. 1986లో వచ్చిన టాటా 407, 2005లో వచ్చిన ఏస్, వాటి పక్కన బొలెరో పికప్పు ఒకే షెడ్డు ముందు వరుసగా నిలబడే ఊళ్లలో ఈ తేడాను చెప్పుకోవడం అవసరం.

యోక్‌ను నిందించే ముందు చూడాల్సిన చిన్న వస్తువు ఇంకొకటి ఉంది. హౌసింగు పైన ఉండే బ్రీదర్. క్వారీ దుమ్ము, వాన బురద పట్టి అది మూసుకుంటే, వేడెక్కిన గాలి పోయే దారిలేక సీల్ పెదవిని ఎత్తి ఆయిలును బయటికి తోస్తుంది. సీల్ మూడుసార్లు మార్చినా కారడం ఆగని బళ్లలో చాలావాటికి మందు ఒక గుడ్డ, కాస్త డీజిలు. ఆయిలు మట్టం కూడా అంతే. పినియన్‌ను క్రౌన్ నడిమి గీతకు కిందగా ఉంచే హైపాయిడ్ పళ్లను 1920లలో అమెరికా గ్లీసన్ కంపెనీ రూపుదిద్దింది. ఈ పళ్లు దొర్లడంతోపాటు ఒకదానిమీద ఒకటి జారతాయి. ఆ జారుడుకు మామూలు ఆయిలు పొర తెగుతుంది, అందుకే జీఎల్-5 తరగతి గేరాయిలు కావాలి. కారిన ఆయిలు నింపకుండా “సీజను అయ్యాక చూద్దాం” అనుకున్న బండిలో పోయేది సీల్ కాదు, క్రౌనూ పినియనూ.

ఆ సీజను మాట తేలిగ్గా తీసేయగలిగింది కాదు. టమాటా ధర ఉన్న వారంలో బండి ఒక రోజు ఆగితే రైతుకూ, కంతు కట్టాల్సిన బండి యజమానికీ అది నిజమైన నష్టం. మేస్త్రీ మీద పడే తొందర అక్కడిదే. కానీ లెక్క చూస్తే కొలతకు పట్టేది ఇరవై ముప్పై నిమిషాలు. మాడిన బేరింగుతో అర్ధరాత్రి పెరేసంద్ర దాటాక నిలిచిపోయిన బండికి పట్టేది క్రేను, లోడు మార్పిడి, రెండు రోజులు. మేస్త్రీకి ఆ అరగంట కూలి విడిగా ఇవ్వడం యజమానులు అలవాటు చేసుకోవాలి. ఇప్పుడు ఆ అరగంట ఎవరి బిల్లులోనూ లేదు, కాబట్టే ఎవరి పనిలోనూ ఉండటం లేదు. బిల్లు వెనుక ముందు కొలత, తర్వాత కొలత రెండంకెలు రాయించుకుంటే మరుసటిసారి బండి ఏ షెడ్డుకు వెళ్లినా ఆ మేస్త్రీకి దారి దొరుకుతుంది.

పని ముగిసిన బండిని మొదటి 20 కిలోమీటర్లు ఖాళీగా నడపాలి. ఆపి పినియన్ మూతి దగ్గర చేయి దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా ఉండటం సహజం, చేయి ఆనించలేనంత కాలితే ప్రీలోడ్ ఎక్కువైనట్టే, బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కించాలి. చెమ్మ లేకపోతే లోడు వేసి, కాలు తీసిన దిగుడులో ఊళ ఉందేమో వినాలి. వారం తర్వాత యోక్‌ను పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ ఊపి, ఆయిలు మట్టం మరొకసారి చూసుకోవాలి.